తీరుబడిగా విశాఖ చుట్టూ: మీ ప్రశ్నలు, మా జవాబులు

చలికాలం మొదలవుతూనే మాకొచ్చే ఉత్తరాల్లో సగం ఒకే మాట అడుగుతాయి. శని, ఆదివారాలు దొరికాయి, అరకు, బొర్రా, లంబసింగి, భీమిలి అన్నీ చుట్టి రావడం ఎలాగని. అలా చుట్టి రావొద్దనే మేం చెబుతాం. ఘాట్ రోడ్డులో కారు కిటికీలోంచి చూసింది ఇంటికొచ్చేసరికి గుర్తుండదు, ఫొటోలోనూ నిలవదు. రోజుకో చోటు చాలు, అదీ ఆ చోట వెలుగు బాగుండే పూట. ఈసారి జవాబులన్నీ ఈ లెక్క మీదే ఇచ్చాం.

కిందటి డిసెంబరులో లంబసింగి వెళ్లాం. తెల్లవారుజామున 5 గంటలకే చేరుకున్నా మంచు లేదు, మేఘాలూ లేవు. వీడియోల్లో చూపించే ఆ పాలసముద్రం అసలు ఎప్పుడు, ఎక్కడ కనబడుతుంది?
— ఒక పాఠకురాలు, గాజువాక

ముందు చోటు సంగతి. లంబసింగి ఊరు సముద్రమట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున ఉంటుంది. అక్కడ మంచు పడితే మీరు ఆ మంచులోనే ఉంటారు, పది గజాల అవతలి చెట్టు కూడా కనబడదు. తెల్లటి మేఘం కాళ్ల కింద పరుచుకున్నట్టు కనబడాలంటే ఆ మంచుకి పైన నిలబడాలి. అందుకు లంబసింగి దగ్గరి చెరువులవేనం కొండకో, పాడేరు దగ్గరి వంజంగి కొండకో వెళ్లాలి.

మీరు వెళ్లిన రోజు మంచు ఎందుకు పడలేదో కూడా తెలుసుకుంటే ఈసారి తేదీ ఎంచుకోవడం తేలిక. రాత్రి ఆకాశం నిర్మలంగా ఉంటే నేల తన వేడిని వదిలేసి చల్లబడుతుంది. నేలనంటిన గాలి కూడా చల్లబడి, బరువెక్కి, వాలు వెంబడి జారి లోయలో చేరుతుంది. అందులోని తేమ పొగమంచు అవుతుంది. పైన కాస్త వెచ్చటి గాలి ఉండడంతో అది లేవలేక, మూత పెట్టినట్టు లోయలోనే ఆగిపోతుంది. అంటే మబ్బులేని రాత్రి కావాలి, గాలి కదలకూడదు, నేలలో తడి ఉండాలి. మబ్బు పడితే నేలకి దుప్పటి కప్పినట్టే, చల్లబడదు. అందుకని బంగాళాఖాతంలో వాయుగుండం ఉందని వార్త వచ్చిన వారం ప్రయాణం మానుకోండి. అదే వాన వెలిసి, ఒకటి రెండు రోజులకి ఆకాశం తేటబడితే మాత్రం వెంటనే బయల్దేరండి, అంతకంటే మంచి అదను దొరకదు. నవంబరు మధ్య నుంచి జనవరి ఆఖరు దాకా ఇలాంటి రాత్రులు ఎక్కువ. ఫోన్లో వాతావరణం చూసేవాళ్లు కనీస ఉష్ణోగ్రత ఒక్కటే చూసి సంతోషపడిపోతారు. చూడాల్సింది అర్ధరాత్రి నుంచి ఉదయం 6 దాకా మబ్బు శాతం, గాలి వేగం. గాలి గంటకు ఐదారు కిలోమీటర్లు దాటేలా ఉంటే మంచు నిలవడం కష్టం.

విశాఖ నుంచి నర్సీపట్నం మీదుగా లంబసింగి సుమారు 130 కిలోమీటర్లు. అర్ధరాత్రి బయల్దేరి, నిద్రమత్తులో, మంచు పట్టిన ఘాట్ ఎక్కడం మంచిది కాదు. ముందురోజు మధ్యాహ్నానికే లంబసింగిలోనో పాడేరులోనో దిగి పడుకోండి. వంజంగికయితే కింద బండి ఆపి రెండు మూడు కిలోమీటర్లు కొండ ఎక్కాలి. చివర్లో ఎక్కుడు బాగా నిటారు, ఎండుగడ్డి మీద మంచు తడికి కాలు జారుతుంది. పట్టున్న బూట్లు, తలకి కట్టుకునే లైటు, మనిషికో లీటరు నీళ్లు ఉండాలి. ఎక్కేటప్పుడు చెమట పడుతుంది, పైన ఆగగానే ఆ చెమటే వణికిస్తుంది, కాబట్టి స్వెట్టరు సంచిలో పెట్టుకుని పైకెళ్లాక వేసుకోండి. జనవరిలో సూర్యోదయం 6:30కి అటూఇటూ. 5:45కల్లా పైన ఉంటే తూర్పు ఎరుపెక్కే ముందు వచ్చే నీలి వెలుగు కూడా దక్కుతుంది.

సూర్యుడు కనబడగానే సెల్ఫీ తీసుకుని జనం దిగిపోతారు. మీరు దిగొద్దు. అసలైన గంట అప్పుడే మొదలవుతుంది. ఎండ తగిలాక మంచు కదులుతుంది, చీలికలవుతుంది, కొండ కొనలు ఒక్కొక్కటీ బయటపడతాయి. 7 నుంచి 8:30 మధ్య వచ్చే ఫొటోల ముందు సూర్యోదయం ఫొటోలు చిన్నబోతాయి.

కెమెరా విషయానికొస్తే, తెల్లటి మంచు నిండిన దృశ్యాన్ని కెమెరా ‘వెలుగు ఎక్కువైంది’ అనుకుని తగ్గించేస్తుంది, మంచు బూడిదరంగుకి మారుతుంది. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ని (వెలుగు హెచ్చుతగ్గుల సర్దుబాటు) +0.7 నుంచి +1 దాకా పెంచండి. సూర్యుడు ఫ్రేములో ఉంటే మాత్రం సున్నాకి తెచ్చేయండి. ఉత్త మంచు మీద ఫోకస్ దొరకక లెన్స్ ముందుకీ వెనక్కీ వెతుకుతూ ఉంటుంది. కొండ అంచు మీద ఫోకస్ చేసి, లాక్ చేసి, ఆపైన ఫ్రేము సర్దుకోండి. ఫోనయినా ఇంతే. అంచు మీద వేలు నొక్కి పట్టుకుంటే లాక్ అవుతుంది. వెడల్పు లెన్స్ కన్నా 70 నుంచి 200 మిల్లీమీటర్ల లెన్స్‌కి ఇక్కడ పని ఎక్కువ. దూరపు కొండ వరసల్ని ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు దగ్గరకు లాగుతుంది.

ఇంకొకటి. లెన్స్ ముందు అద్దం రాత్రంతా ఆకాశం వైపు తెరిచి ఉంచితే గడ్డిపరక మీద పడ్డట్టే దాని మీదా మంచుబిందువులు పడతాయి. లెన్స్ ముందు గొట్టంలాంటి హుడ్ తగిలించండి, ఫొటో తీయనప్పుడు మూత పెట్టండి. చలికి బ్యాటరీ తొందరగా దిగిపోతుంది, రెండోది చొక్కా లోపలి జేబులో ఉంచండి. దిగివచ్చాక చల్లటి కెమెరాని వెచ్చటి గదిలోనో కారులోనో వెంటనే బయటకు తీయకండి. చల్లటి అద్దం మీద వెచ్చటి గాలిలోని తేమ అంటుకుంటుంది. సంచి జిప్పు వేసి అరగంట అలాగే వదిలేయండి.

భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలు కంటికి కుంకుమలా కనిపించాయి. ఫొటోలో ఇటుకరాయి రంగో గోధుమరంగో వచ్చింది. కెమెరా లోపమా?
— డిగ్రీ విద్యార్థి, మద్దిలపాలెం

లోపం లేదు, కెమెరా తన పని తాను చేసింది. ఆటో వైట్ బ్యాలెన్స్ (కెమెరా తనంతట తాను చేసే రంగుల సర్దుబాటు) ఫ్రేములో ఏ రంగు ఎక్కువగా ఉంటే దాన్ని ‘దీపం రంగు’ అనుకుని తగ్గిస్తుంది. ఫ్రేమంతా ఎరుపే అయితే ఆ ఎరుపునే కడిగేస్తుంది. వైట్ బ్యాలెన్స్‌ని ‘డేలైట్’ మీద, లేదా 5,200 నుంచి 5,500 కెల్విన్ మీద ఉంచి తీయండి. తేడా వెంటనే కనిపిస్తుంది.

రెండో తప్పు ఎక్స్‌పోజర్‌లో జరుగుతుంది. ఎర్రటి వస్తువు మీద నేరుగా ఎండ పడితే మామూలు హిస్టోగ్రామ్ (ఫొటోలో చీకటి ఎంతో వెలుగు ఎంతో చూపే గ్రాఫ్) బాగానే ఉన్నట్టు చూపిస్తుంది కానీ ఎరుపు చానల్ ఒక్కటీ కుడిగోడకి కొట్టుకుని ఉంటుంది. అప్పుడు ఇసుక మీది గీతలన్నీ చెరిగి, రంగు పూసిన అట్టలా కనబడుతుంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం విడివిడిగా చూపే ఆర్‌జీబీ హిస్టోగ్రామ్ పెట్టుకుని, అవసరమైతే -0.3 నుంచి -0.7 దాకా తగ్గించండి. కెమెరా మార్పులేవీ చేయని రా ఫార్మాట్‌లో తీస్తే తర్వాత సరిదిద్దుకునే వీలు ఉంటుంది.

ఆ రంగు ఎక్కడిదో తెలిస్తే ఫొటో ఎక్కడ తీయాలో తెలుస్తుంది. మంచుయుగంలో సముద్రం వెనక్కి వెళ్లినప్పుడు బయటపడ్డ ఇసుకని గాలి మోసుకొచ్చి దిబ్బలు పోసింది. ఇసుక రేణువుల మీది ఇనుము వేల ఏళ్లుగా ఆక్సిజన్‌తో కలిసి తుప్పు పొరగా మారింది. ఆ పైన వానలు కోసేసి గెడ్డలు (వాగులు), లోయలు చేశాయి. ఇలాంటి తీర దిబ్బలు మనకి గాక తమిళనాడులోనూ శ్రీలంకలోనూ కనిపిస్తాయి. భారత భూవిజ్ఞాన సర్వే 2014లో దీన్ని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించింది. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోనూ చేరింది.

అందం అంతా ఆ కోతలోనే ఉంది. పైన నిలబడి తీస్తే ఎర్రటి మైదానం వస్తుంది. గెడ్డ దారిలోకి దిగి, మోకాలి ఎత్తు నుంచి గోడల వైపు తీస్తే లోతు వస్తుంది. దగ్గరికి వెళ్లి గోడని చూడండి. వానచుక్క ఎక్కడ చిన్న గులకరాయి మీద పడిందో అక్కడ రాయి నెత్తిన పెట్టుకున్న వేలెడంత మట్టి స్తంభం నిలిచి ఉంటుంది, చుట్టూ మట్టి కొట్టుకుపోయి ఉంటుంది. మాక్రో లెన్స్ ఉన్నవాళ్లు ఒక పూట అక్కడే గడపవచ్చు. ఉదయం 8 లోపు, సాయంత్రం 4 తర్వాత ఏటవాలు ఎండ గోడల గీతల్ని లేపుతుంది. మధ్యాహ్నం ఎండకి అంతా చదునే. వాన పడిన మర్నాడు రంగు ఇంకా ముదురుగా ఉంటుంది, గాలిలో దుమ్మూ ఉండదు.

గోడల మీదకి ఎక్కొద్దు, పేర్లు చెక్కొద్దు. పైన గట్టిపడిన పొర పలచన. అది ఒక్కచోట విరిగితే లోపలి వదులు ఇసుక ఆ ఏటి వానకే జారిపోతుంది. వేల ఏళ్ల పని అది. ఒక ఫొటో కోసం పాడుచేయడానికి మనకి హక్కు లేదు.

అరకు రైల్లో అద్దాల పెట్టె ఎక్కాం. ఫొటోల నిండా ఇంద్రధనుస్సు చారలు, మా ముఖాల నీడలు. ఎలా తీయాలి?
— బ్యాంకు ఉద్యోగిని, సీతమ్మధార

ఇంద్రధనుస్సు చారలు పోలరైజర్ (లెన్స్ ముందు తగిలించే, మెరుపులు తగ్గించే ఫిల్టర్) వల్ల వచ్చాయి. విస్టాడోమ్ పెట్టె అద్దాలు గట్టిపరిచినవి. వాటిలోపల ఉండిపోయిన ఒత్తిడిని పోలరైజర్ రంగుల చారలుగా చూపిస్తుంది. అది తీసేయండి. నీడలకి మందు నల్లగుడ్డ. లెన్స్ చుట్టూ నల్ల చున్నీ చుట్టి, హుడ్‌ని అద్దానికి దాదాపు ఆనించి తీయండి. పూర్తిగా ఆనిస్తే రైలు అదురు కెమెరాకి తగులుతుంది, ఒక వేలి మందం వదలండి. రైలు నెమ్మదిగా వెళ్తున్నట్టున్నా దగ్గరి చెట్లు సాగిపోతాయి, షట్టర్ 1/800 సెకను కంటే తగ్గనివ్వకండి. అరకు దాకా 50కి పైగా సొరంగాలున్నాయి. ఆటోలో ఉంచితే సొరంగం దాటిన మొదటి రెండు సెకన్లు బొమ్మ తెల్లబోతుంది. సరిగ్గా ఆ క్షణంలోనే లోయ కనబడుతుంది! మాన్యువల్‌లో పెట్టి, బయటి వెలుగుకే అమర్చుకుని కూర్చోండి.

ఈ లైను 1960ల్లో జపాన్ సహకారంతో ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా ఇనుపఖనిజాన్ని విశాఖ రేవుకి తేవడానికి వేసినది. దారిలో శిమిలిగుడ స్టేషను ఎత్తు 996 మీటర్లు, బోర్డు మీద రాసి ఉంటుంది. రైలు ఉదయం 7 లోపే విశాఖ నుంచి బయల్దేరుతుంది. సమయాలు మారుతుంటాయి, ముందురోజు చూసుకోండి.

అదే రోజు వెనక్కి రావడం వృథా. రెండు రాత్రులు ఉండండి. ఒక ఉదయం వలిసె పూలకి ఇవ్వండి. అక్టోబరు ఆఖరు నుంచి డిసెంబరు దాకా పొలాలు పచ్చటి పసుపుతో నిండుతాయి. గట్టు మీద నిలబడి తీయండి, పొలంలోకి దిగితే రైతు పంట నలుగుతుంది. ఇంకో పూట అనంతగిరి కాఫీ తోటలకి. కాయ ఎర్రబడి కోతకొచ్చేది నవంబరు నుంచి జనవరి. పూత చూడాలంటే మార్చి, ఏప్రిల్‌లలో తొలి జల్లు పడిన వారం తర్వాత వెళ్లాలి. మల్లెపూల వాసనతో తెల్లగా విరగబూసి, రెండు మూడు రోజుల్లో రాలిపోతుంది. సంతలో గిరిజన స్త్రీల ఫొటో తీయాలనిపిస్తే ముందు అడగండి. ‘వద్దమ్మా’ అంటే వద్దనే అర్థం.

బొజ్జన్నకొండ, తొట్లకొండ చూసొచ్చాం. ఇటుకల వరసలు తప్ప ఏముందని పిల్లలు విసుక్కున్నారు. ఎలా చూడాలి వీటిని?
— హైస్కూలు టీచరు, అనకాపల్లి

పిల్లలది తప్పు కాదు. ఇవి పాత బౌద్ధ ఆరామాలు. పునాదులు మాత్రమే మిగిలిన చోటుకి ముందుగా కొంచెం కథ చెప్పి తీసుకెళ్లాలి. తొట్లకొండని ‘ఏం కట్టారు’ అని కాకుండా ‘నీళ్లు ఎక్కడివి’ అనే ప్రశ్నతో మొదలుపెట్టండి. కొండ నెత్తిన బావి తవ్వితే నీరు పడదు. అందుకని బండని తొలిచి తొట్లు చేసి వాననీరు పట్టుకున్నారు, కొండకి ఆ పేరు వాటివల్లే. నీరు ఏ వాలు నుంచి తొట్టిలోకి చేరుతుందో పిల్లల్నే వెతకమనండి. అక్కడి నుంచి భిక్షువుల గదుల వరసకి, తర్వాత స్తూపానికి రండి. తవ్వకాల్లో శాతవాహనుల నాణేలతో పాటు రోమన్ వెండి నాణేలు దొరికాయి. ఆ నాణెం ఎక్కడి నుంచి వచ్చిందని అడిగి, ఎదురుగా ఉన్న సముద్రం చూపించండి. అంత చాలు.

అక్కడ సముద్రం తూర్పున ఉంటుంది. పొద్దున స్తూపం వెనక సముద్రం పెట్టి తీస్తే ఎదురెండకి స్తూపం నల్లబడుతుంది. మధ్యాహ్నం 3:30 తర్వాత ఎండ మీ వెనక నుంచి పడి, ఇటుకలూ సముద్రపు నీలమూ రెండూ వస్తాయి.

ఇక బొజ్జన్నకొండ. అది ఉన్న శంకరం ఊరు అనకాపల్లి దగ్గర, మీకు ఇంటి పక్కనే కాబట్టి దానికి పూర్తిగా ఒక ఉదయం కేటాయించండి. శంకరం అనే పేరే ‘సంఘారామం’ (భిక్షువులు ఉండే చోటు) నుంచి వచ్చింది. పురావస్తు శాస్త్రవేత్త అలెగ్జాండర్ రీ 1906-07లో ఇక్కడ తవ్వకాలు జరిపించాడు. బొజ్జన్నకొండ మెట్లెక్కితే గుహ లోపల రాతి స్తంభాల మధ్య, అదే కొండరాయిలోంచి చెక్కిన స్తూపం ఉంటుంది. దాన్ని విడిగా తెచ్చి పెట్టలేదు, చుట్టూ ఉన్న రాయిని తీసేసి మిగిల్చారు. ఈ ఒక్క మాట చెప్పి దాని చుట్టూ ఒకసారి నడిపిస్తే పిల్లలు నోరు తెరిచి చూస్తారు. పక్కనున్న లింగాలకొండ మీద వరసలు వరసలుగా చిన్నచిన్న ఏకశిలా స్తూపాలు. అవి లింగాల్లా కనిపించే ఆ కొండకి ఆ పేరు.

గుహలో ఫ్లాష్ కొట్టకండి, చెక్కడం లోతంతా పోయి గోడకి సున్నం వేసినట్టు కనిపిస్తుంది. కేంద్ర పురావస్తుశాఖ రక్షిత స్థలాల్లో ట్రైపాడ్‌కి అనుమతి కావాలి. కాబట్టి భుజాన్ని గోడకి కాకుండా గుమ్మం బయటి బండకి ఆనించి, ఐఎస్‌ఓ (వెలుగుని పట్టే శక్తి) 1600, షట్టర్ 1/30 సెకను, ఊపిరి బిగబట్టి వరసగా మూడు తీయండి. మధ్యది నిలకడగా వస్తుంది. వెలుగు చాలకపోతే ఒకరిని తెల్ల తువ్వాలు విప్పి గుమ్మం దగ్గర ఎండలో పట్టుకోమనండి. ఎండ దాని మీద పడి లోపలికి మెత్తగా పరుచుకుంటుంది. బుద్ధుడి ముఖం మీద ఆ వెలుగు ఎంత బాగుంటుందో చూసి తీరాల్సిందే. కనుమ రోజు అక్కడ జనం పోటెత్తుతారు, తీరిగ్గా చూడాలనుకునేవాళ్లు ఆ రోజు వెళ్లకండి.

సింహాచలం స్వామి నిజరూపం ఫొటో తీయవచ్చా?
— ఒక పాఠకుడు, గోపాలపట్నం

గుడి లోపలికి కెమెరా, ఫోను తీసుకెళ్లనివ్వరు. నిజరూప దర్శనం ఏడాదికి ఒక్కరోజు, వైశాఖ శుద్ధ తదియన చందనోత్సవానికే. ఆ రోజు క్యూ తప్ప ఇంకేమీ చూడలేరు. గుడినే తీరిగ్గా చూడాలంటే మామూలు పనిరోజున ఉదయాన్నే వెళ్లి, గోడల మీది శాసనాలు, బయటి శిల్పాలు చూడండి. 1087 నాటి శాసనం నుంచి ఉన్నాయి. ఇప్పటి ఆలయానికి ఈ రూపం 13వ శతాబ్దంలో తూర్పు గాంగ రాజు నరసింహదేవుడి కాలంలో వచ్చింది.

చిన్న డ్రోన్ కొన్నాను. బీచ్ రోడ్డు మీద ఎగరేయవచ్చా?
— ఒక పాఠకుడు, ఎంవీపీ కాలనీ

వద్దు. విశాఖ విమానాశ్రయం నౌకాదళానిది, రేవూ నౌకాస్థావరమూ పక్కనే. 250 గ్రాముల లోపు నానో డ్రోన్‌కి లైసెన్సు మినహాయింపు ఉంది కదా అనుకుంటారు. మినహాయింపు పైలట్ లైసెన్సుకే, రెడ్ జోన్‌కి (అనుమతి లేకుండా ఎగరేయకూడని ప్రాంతం) కాదు. డ్రోన్ల కోసం ప్రభుత్వం పెట్టిన డిజిటల్ స్కై మ్యాప్‌లో మీరు నిలబడిన చోటు ఏ రంగులో ఉందో చూడకుండా ఎక్కడా ఎగరేయకండి. నేల మీది నుంచి తీసినా సరే, నేవీ బోర్డు ఉన్న గోడల వైపు కెమెరా తిప్పొద్దు.

అమ్మకి 68, నాన్నగారికి 74. మోకాళ్ల నొప్పులు. శ్రీకాకుళం వైపు రెండు రోజుల్లో గుళ్లు చూపించాలి. పనిలో పనిగా నాకు శిల్పాల ఫొటోలు కావాలి.
— ఒక పాఠకుడు, మురళీనగర్

శ్రీకాకుళంలోనే ఒక రాత్రి ఉండండి. మొదటిరోజు అరసవల్లి, శ్రీకూర్మం. రెండోరోజు మొత్తం ముఖలింగానికి. శాలిహుండం మెట్లున్న కొండ, ఈసారికి దాన్ని వదిలేయండి.

ముఖలింగం ఊరు వంశధార ఒడ్డున, గుళ్లు చదునైన నేల మీదే ఉన్నాయి. మధుకేశ్వర, భీమేశ్వర, సోమేశ్వర ఆలయాలు మూడూ తూర్పు గాంగుల నాటివి, కళింగ శిల్పం చూడాలంటే మన రాష్ట్రంలో ఇంతకు మించిన చోటు లేదు. పెద్దవాళ్లని మధుకేశ్వరుడి ప్రాంగణంలో నీడ చూసి కూర్చోబెట్టి మీరు తిరగవచ్చు. అరసవల్లిలో సూర్యకిరణాలు మూలవిరాట్టు పాదాలు తాకేది మార్చిలోనూ అక్టోబరు మొదట్లోనూ కొద్ది రోజులే, ఆ రోజుల రద్దీ మోకాళ్ల నొప్పులవాళ్లకి పనికిరాదు.

శిల్పానికి వెలుగు ఎదురుగా పడకూడదు, గోడని రాసుకుంటూ పోవాలి. పొద్దున, సాయంత్రం అది పక్క నుంచి వస్తుందని అందరికీ తెలుసు. తెలియంది ఇంకొకటి ఉంది. ఒక గోడ ఎండలోంచి నీడలోకి మారే వేళ ఎండ ఆ గోడ వెంబడే జారుతుంది. ఆ పది పదిహేను నిమిషాల్లో నగల పూసలు, లతల మెలికలు విడివిడిగా లేచి నిలబడతాయి. ముందుగా ఒకసారి చుట్టూ తిరిగి ఏ గోడ ఎప్పుడు మారుతుందో లెక్క చూసుకుని అక్కడ కాచుకోండి. కెమెరాని గోడకి సమాంతరంగా పట్టుకుని, లెన్స్ రంధ్రాన్ని (అపెర్చర్) ఎఫ్ 8 దగ్గర ఉంచి తీయండి. పైకెత్తి తీస్తే స్తంభాలు వెనక్కి పడిపోతున్నట్టు వస్తాయి.

తేలినీలాపురం పక్షుల్ని చూడటానికి ఎప్పుడు వెళ్లాలి? సైబీరియా నుంచి వస్తాయంటారు, నిజమేనా?
— ఇంటర్ విద్యార్థిని, విజయనగరం

అక్కడ గూళ్లు కట్టేవి ముఖ్యంగా గూడబాతులు (పెలికాన్లు), ఎర్రకాళ్ల కొంగలు. ఇవి దక్షిణాసియా పక్షులే. తిండి, నీరు, చెట్టు చూసుకుని మన ప్రాంతాల మధ్యే తిరుగుతాయి. సైబీరియా కథ ఊళ్లో పాతుకుపోయింది కానీ ఈ రెండింటికీ అది వర్తించదు. పుట్టింటికి పురుటికొచ్చిన ఆడపిల్లల్లా చూసుకునే ఊరివాళ్ల ఆదరణ మాత్రం నూటికి నూరుపాళ్లు నిజం.

అక్టోబరు నుంచి మార్చి దాకా ఉంటాయి. డిసెంబరు, జనవరిల్లో పిల్లలకి మేత పెట్టడం కనిపిస్తుంది. గూళ్లు ఊళ్లో చెట్ల మీదే కాబట్టి 300 నుంచి 400 మిల్లీమీటర్ల లెన్స్ సరిపోతుంది. ఎగిరే పక్షికి షట్టర్ 1/1600, గూటి మీద దానికి 1/500. తెల్లపక్షి మీద ఎండ ఉంటే -0.7కి తగ్గించండి, లేకపోతే ఈకలు తెల్ల కాగితం ముక్కవుతాయి. చెట్టు కిందకి వెళ్లి చప్పట్లు కొట్టి లేపొద్దు. తల్లి లేచిన నిమిషంలో కాకి గుడ్డు ఎత్తుకుపోతుంది, బెదిరిన పిల్ల కిందపడితే మళ్లీ గూడు చేరదు.

అంత దూరం వెళ్లలేకపోతే అనకాపల్లి జిల్లా కొండకర్ల ఆవ (చిత్తడి సరస్సు) ఉంది. తాటిదోనెలో కూర్చుంటే కెమెరా నీటికి జానెడు ఎత్తులోకి వస్తుంది, పక్షి కళ్లకి సమానంగా. అలాంటి కోణం ఒడ్డు నుంచి రాదు. దోనె నడిపే ఆయనతో ‘నెమ్మదిగా పోనీ బాబూ, తొందర లేదు’ అని ముందే చెప్పండి.

బీచ్‌లో రాతి తోరణం దగ్గర తీశాక లెన్స్ మీద మరకలు పోవడం లేదు. తోరణం కూడా సగం నీళ్లలోనే ఉంది.
— ఒక పాఠకుడు, పెదవాల్తేరు

మంగమారిపేట తోరణం గురించి అనుకుంటున్నాం. అది బాగా కనబడేది ఆటు వేళ, అంటే నీరు వెనక్కి తగ్గినప్పుడు. పౌర్ణమి, అమావాస్యల దరిదాపుల్లో నీరు ఇంకా వెనక్కి వెళ్తుంది. ఆటు సమయం రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది కాబట్టి, ఆటూ సూర్యోదయమూ కలిసే రోజుల్ని పోటు-ఆటు పట్టికలో చూసుకుని వెళ్లండి. నీరు తిరిగి పెరగడం మొదలవగానే ఒడ్డుకి వచ్చేయండి. నాచు పట్టిన రాళ్లమీద పరుగెత్తలేరు. డిసెంబరులో సూర్యుడు సముద్రంలోంచి, జూన్‌లో బాగా ఎడమవైపు తీరానికి దగ్గరగా లేస్తాడు. జూన్‌లో 5:20కే.

మరక ఉప్పుది. పొడిగుడ్డతో రుద్దితే ఉప్పురేణువులు అద్దాన్ని గీస్తాయి. ముందు బ్లోయర్‌తో ఊదండి, తర్వాత మంచినీళ్లతో కాస్త తడిపిన మైక్రోఫైబర్ గుడ్డని ఒత్తకుండా మధ్య నుంచి బయటికి గుండ్రంగా తిప్పండి, ఆఖర్న పొడిగుడ్డ. ట్రైపాడ్ కాళ్లని అదే రోజు మంచినీళ్లలో కడిగి, విప్పి ఆరబెట్టండి. ఒక్క రాత్రి ఊరుకుంటే బిగింపుల్లో తుప్పు మొదలవుతుంది.

మేమిద్దరం ఈ ఏడాదే రిటైరయ్యాం. మూడు రోజులు, జనం తక్కువగా, ఒక క్రమంలో చూసేలా ఏదైనా చెప్పండి.
— దంపతులు, అక్కయ్యపాలెం

గోస్తని వెంట వెళ్లండి. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల్లోంచి పారి, తాటిపూడి జలాశయంలో ఆగి, భీమిలి దగ్గర సముద్రంలో కలిసే నది అది. మీరు చివర నుంచి మొదలుకి నడవండి.

మొదటిరోజు భీమిలి. పొద్దున డచ్చివారి సమాధుల దగ్గర రాతిపలకల మీది అక్షరాలు చదవండి, ఏటవాలు ఎండలో తప్ప అరిగిన అక్షరం కనబడదు. రెండోరోజు తాటిపూడి, గట్టు మీద సాయంత్రం. మూడోరోజు బొర్రా, వారం మధ్యలో, తెరవగానే లోపలికి. వాననీరు సున్నపురాయిని కరిగించి చుక్కచుక్కగా దింపి చేసిన ఊడలవి. చేత్తో ముట్టుకుంటే ఒంటి జిడ్డు అంటి, ఆ చోట పెరుగుదల ఆగిపోతుంది. రంగుదీపాల వల్ల ఫోను రంగులు తడబడుతుంది. ఒకే రంగు దీపం పడ్డ భాగాన్ని మాత్రమే ఫ్రేములో ఉంచితే చక్కగా వస్తుంది. మెట్లు తడిగా ఉంటాయి, చేతికర్ర తీసుకెళ్లండి.

గుహ లోపల ఒకచోట మాటలు ఆపి నిలబడితే, కింద చీకట్లో నీరు పారే చప్పుడు వినబడుతుంది. మొదటిరోజు భీమిలిలో మీరు చూసిన నీరే.